పోయిందనుకున్న సరుకు

తెర మీద మా అన్న

ఈమధ్య నేను రిటైరైన కంపెనీ వాళ్లు పిలిచి, మార్కెటింగ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చిన్న దుకాణాలకు బిల్లింగు, స్టాకు చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ అది. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిపాను. నన్ను పరిచయం చేస్తూ తెర మీద ఒక పోస్టర్ వేశారు. అందులో మా కిషన్ అన్న నవ్వుతూ ఉన్నాడు. తల మీద పెద్ద అక్షరాలతో "పోయిందనుకున్న సరుకు తిరిగొచ్చింది!" అని ఉంది. ఆ వాక్యం నేను రాసిందే. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మైకు పట్టుకుని కస్టమర్ మాట వినండి, ఓపిగ్గా ఉండండి, రోజూ కొత్తది నేర్చుకోండి అంటూ ఏవో చిలకపలుకులు పలికాను. శాలువా కప్పారు. పెట్టిన సమోసా తిని జహనుమాలోని ఇంటికి వచ్చేశాను. ఆ పిల్లలకు చెప్పాల్సింది చెప్పకుండా వచ్చానన్న సిగ్గుతో రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, అవార్డులు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

బోణీ కాకముందు

నేను పుట్టింది పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో, వ్యాపారం చేసుకునే ఇంట్లో. ఆఫీసులో ఎవరైనా ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం "హైకోర్టు దగ్గర" అనేదాన్ని. పాతబస్తీ అంటే ఎదుటివాళ్ల మొహంలో ఒక చిన్న మార్పు వస్తుంది, అది చూడటం ఇష్టం లేక. ఇప్పుడు తలచుకుంటే ఆ హైకోర్టు మాటకే మొదట సిగ్గుపడాలి.

నా మొదటి బాసు మూర్తిగారు. తణుకు వైపు నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో స్థిరపడ్డ మనిషి. ఒక రోజు పొద్దున్నే ఒక స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్లి, ఆయన కంటే ముందే నేను లాప్‌టాప్ తెరిచి సాఫ్ట్‌వేర్ చూపించడం మొదలుపెట్టాను. షావుకారు నావైపు చూడను కూడా చూడలేదు. అగరుబత్తి పొగ గల్లా చుట్టూ తిప్పుతూ, నన్ను దాటి వీధిలోకి చూస్తూ ఉన్నాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. మూర్తిగారు వచ్చి, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చినంత పని చేశారు.

"వాళ్లకింకా బోణీ కాలేదమ్మా. నువ్వు వ్యాపారం చేసేవాళ్లింట్లో పుట్టావు, ఈ మాట నేను చెప్పాలా?" అన్నారు.

నిజమే. బోణీ కాకముందు మా దుకాణంలో ఎవరైనా అమ్మడానికి వస్తే నాన్న ఎలా మొహం తిప్పుకునేవాడో నాకు తెలుసు. చిన్నప్పుడు చూసిందే. కానీ ఆఫీసు బ్యాడ్జి మెడలో పడగానే ఇంట్లో తెలిసినదంతా బుర్రలోంచి ఎగిరిపోయేది. మూర్తిగారు ఆ తర్వాత నాకు ఒక అలవాటు నేర్పారు. ఏ దుకాణానికి వెళ్లినా ముందు ఒక పూట ఊరికే కూర్చోవాలి. లాప్‌టాప్ తియ్యకూడదు. సరుకు ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారు, అదే చూడాలి. ఆయన ఉన్నన్నాళ్లూ అలాగే చేశాను. ఆయన రిటైరయ్యాక మానేశాను. రిపోర్టులన్నీ కంప్యూటర్‌లోనే కనిపిస్తుంటే దుకాణంలో చెమటలు కక్కుతూ కూర్చోవడం దేనికి అనిపించింది.

లోపల ఉంది

మా దుకాణం చార్మినార్‌కు దగ్గర్లోని ఒక సందులో ఉంది. లేసులు, గోటా, జరీ అంచులు అమ్ముతాం. నాన్న పోయాక కిషన్ అన్న చూసుకుంటున్నాడు. పక్కనే యూసుఫ్ చాచా దుకాణం. అక్కడ అమ్మేదీ ఇవే. రెంటికీ మధ్య ఉన్నది ఒక చెక్క గోడ మాత్రమే. ఇటు గల్లా దగ్గరున్నవాడు కాస్త ముందుకు వంగితే అటు కూర్చున్న మనిషి మొహం కనిపిస్తుంది. నాన్న పోయేనాటికి అన్నకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. జరీని వేళ్ల మధ్య నలిపి అసలుదో నకిలీదో చెప్పడం, పెళ్లిబట్టలకు వచ్చిన ఆడవాళ్లలో అసలు కొనే మనిషి ఎవరో కనిపెట్టడం, ఇవన్నీ వాడికి నేర్పింది చాచాయే.

ఆ సందులో ఒక పద్ధతి ఉంది. గుడ్డ తెచ్చి దీనికి సరిపోయే అంచు కావాలని అడిగిన మనిషితో "లేదు" అని ఎవరూ అనరు. "లోపల ఉంది, కూర్చోండి" అంటారు. లోపల అంటే పక్క దుకాణం. అన్న ముందుకు వంగి, "చాచా, గా తోపు రంగు చుట్ట జెర ఇటియ్యి" అంటే, గోడ మీదుగా లేసు చుట్ట వచ్చేది. కొలిచి కోసి ఇవ్వడం ఉండేది కాదు, చుట్టకు చుట్టే ఇచ్చేవారు. కావలసినంత కోసుకున్నాక మిగిలింది అక్కడే ఉండిపోయేది, మళ్లీ ఎవరైనా అడగొచ్చు కదా అని. రంజాన్ నెలలో మా చుట్టలు సగం చాచా అరల్లో ఉండేవి. ముహూర్తాల రోజుల్లో ఆయనవి మా అరల్లో ఉండేవి. సీజన్ అయ్యాక ఇద్దరూ చాయ్ తాగుతూ నోటితోనే అంతా తేల్చుకునేవారు. కొన్ని చుట్టలు ఎవరివో వాళ్లకే గుర్తుండేది కాదు.

రెండూ పోటీ దుకాణాలే. కానీ చేతిలో గుడ్డ పట్టుకున్న మనిషి ఆ సందు దాటి పెద్ద షోరూములకు వెళ్లిపోకూడదు, అదీ వాళ్ల పంతం. మార్కెటింగ్ పుస్తకాల్లో దీనికి ఏదో గొప్ప పేరు ఉండే ఉంటుంది. వాళ్లు మాత్రం దానికి పేరు పెట్టలేదు.

నేను రాసిన వాక్యం

మూర్తిగారి తర్వాత నా బాసుగా వినయ్ వచ్చాడు. నాకంటే చాలా చిన్నవాడు, చురుకైనవాడు. చెడ్డవాడు కాదు. నా మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు ఇంటికొచ్చి మరీ పలకరించి వెళ్లాడు. అతనిలో ఒకటే లోపం. ఏ అంకె చూసినా "ఎంత పెరిగింది" అని అడిగేవాడు తప్ప "ఎందుకు పెరిగింది" అని అడిగేవాడు కాదు. అడగాల్సిన దాన్ని నేను. నేనూ అడగలేదు.

మా అన్నకు చార్మినార్ దగ్గర దుకాణం ఉందని తెలిసిన రోజు వినయ్ కుర్చీలోంచి లేచాడు. అచ్చమైన పాత బజారు, మన సాఫ్ట్‌వేర్, ఇంతకంటే మంచి కథ ఏముంటుందన్నాడు. ఇన్నాళ్లూ హైకోర్టు చాటున దాచుకున్న ఊరే అమ్ముకునే సరుకైంది. నేను పొంగిపోయి అన్న దగ్గరికి పరుగెత్తాను. వాడు వద్దన్నాడు. "నాకు అన్ని యాదికుంటయి శ్యామా, మిషన్ ఎందుకు?" అన్నాడు. నా ఉద్యోగానికి మంచిదని బతిమాలాను. చెల్లెలు అడిగిందని ఒప్పుకున్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఏర్పాటు ఉంది. బిల్లు లేకుండా సరుకు దుకాణం దాటితే ఎవరి పేరు మీద వెళ్లిందో, వాళ్ల ఫోన్ నంబరు ఏమిటో రాయాలి. రాయకపోతే ముందుకు కదలదు. కొన్నాళ్లలో ఆ సరుకు తిరిగి రాకపోతే ఆ నంబరుకు దానంతటదే ఒక మెసేజ్ వెళుతుంది. ఆ మెసేజ్ రాసింది నేను. మొదట మెత్తగా రాస్తే ఎవరూ పట్టించుకోలేదు. చాలా కసరత్తు చేసి ఇలా మార్చాను: "గౌరవనీయులకు, మీరు తీసుకెళ్లిన సరుకు ఇంకా మాకు చేరలేదు. మీ మీద నమ్మకంతో ఎదురుచూస్తున్నాం."

ఆ "నమ్మకంతో" అన్న మాట మీద నాకెంత గర్వమో చెప్పలేను. తిట్టినట్టు ఉండదు, కానీ సరిగ్గా గుచ్చుకుంటుంది అని మీటింగులో చెప్పి మెప్పు పొందాను.

అన్న దుకాణంలోంచి బిల్లు లేకుండా సరుకు వెళ్లేది ఒక్క చోటికే. అది పుట్టినప్పటి నుంచి నాకు తెలుసు. పేరు అడిగిన ప్రతిసారీ అన్న యూసుఫ్ చాచా పేరు, నంబరు కొట్టి పని కానిచ్చాడు. అలా కొడితే మెసేజ్ వెళుతుందని వాడికి తెలియదు. నేను ఒక్క పూట ఆ దుకాణంలో ఊరికే కూర్చుని ఉంటే చెప్పేదాన్ని. మూర్తిగారు నేర్పిన పని, సొంత అన్న దుకాణంలో చెయ్యలేదు.

చాచాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. కరెంటు బిల్లు కానీ, మున్సిపాలిటీ నోటీసు కానీ, తెలుగులో ఏది వచ్చినా అన్నకే ఇచ్చి చదివించుకునేవాడు. ఆ రోజు కూడా గోడ మీదుగా ఫోన్ ఇచ్చి ఏముందో చూడమన్నాడు. అన్న గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. సగంలో విషయం అర్థమై ఆగిపోయాడు.

"రుకినవేంది? పూరా చదువు," అన్నాడు చాచా.

అన్న మొత్తం చదివాడు. చివర మా దుకాణం పేరు ఉంది, అదీ చదవాల్సి వచ్చింది.

మంచి అంకె

అన్న వెంటనే చాచా చేతులు పట్టుకుని, ఇది శ్యామ కంపెనీ మిషన్ పంపింది, నాకు తెలియదు అని చెప్పాడట. చాచా నవ్వేసి, మిషన్‌కేం తెలుసు, వదిలెయ్యమన్నాడట. కానీ మర్నాడు దుకాణం తెరవగానే తన అరల్లో ఉన్న మా చుట్టలన్నీ చేతుల నిండా మోసుకొచ్చి, మళ్లీ వెళ్లి, మళ్లీ తెచ్చి, మా గల్లా ముందు పేర్చాడు. ఎవరివో గుర్తులేనివి కూడా మావేనన్నాడు. ఏమైనా తక్కువుంటే చెప్పమన్నాడు. అన్న ఎంత వద్దన్నా వినలేదు. ఆ సాయంత్రం అన్న కూడా ఆయన చుట్టలు తీసుకెళ్లి ఇచ్చాడు. ఇక ఉంచుకోవడం మర్యాద కాదు కదా.

అన్న నాకు ఫోన్ చేశాడు. నేను మీటింగులో చూపించే స్లైడ్లకు రంగులు ఎంచుకుంటున్నాను. "గా మెసేజ్ చాచాకు పోయింది శ్యామా. నేనే చదివి వినిపిచ్చిన," అన్నాడు. ఆటోమేటిక్ మెసేజ్ అన్నా, డిలీట్ చేసుకోమను, అన్నాను. సరే అని పెట్టేశాడు.

నెల తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. బయటికి వెళ్లి తిరిగొచ్చిన సరుకును చూపే గ్రాఫు గీత, మిగతా దుకాణాలన్నిట్లో నేలబారుగా ఉంటే, మా అన్న దుకాణంలో ఆకాశానికి లేచింది. వినయ్ తన లాప్‌టాప్ నావైపు తిప్పి, ఇదే మన కథ అన్నాడు. సమస్య ఉంది, పరిష్కారం ఉంది, ఫలితం ఉంది. రంజాన్‌కు ముందు ఆ సందు జనంతో కిటకిటలాడుతుంది, పోస్టర్లు అప్పుడు వెయ్యాలన్నాడు.

ఆ సరుకు ఎక్కడి నుంచి తిరిగొచ్చిందో నాకు తెలియదు అంటే అబద్ధం అవుతుంది. అన్న ఫోన్ గుర్తుంది. ఆ రెంటినీ కలిపి చూడటం నాకు ఇష్టం లేకపోయింది, అంతే. గీత అంత బాగుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే: మీ రిపోర్టులో అన్నిటికంటే అందంగా కనిపించే అంకె దగ్గర ఆగండి. దాని అవతల ఒక మనిషి ఉంటాడు. అతను ఎందుకలా చేశాడో వెళ్లి అడగండి. సంతోషపడి చేసినా, మనసు విరిగి చేసినా అంకె ఒకేలా పెరుగుతుంది.

ఉంగరం

పోస్టర్‌కు అన్న ఫొటో కావాలి. వాణ్ణి అడిగితే తీయించుకోడని తెలిసి, నా ఫోన్‌లో ఉన్నదే ఇచ్చాను. చాచా మనవరాలి పెళ్లిలో నేను తీసింది. అన్న, చాచా పక్కపక్కన నిలబడి పగలబడి నవ్వుతున్నారు. చాచా చెయ్యి అన్న భుజం మీద ఉంది. డిజైన్ చేసే అమ్మాయి చాచాను కత్తిరించేసింది. భుజం మీద చెయ్యి మాత్రం పోలేదు. తీసెయ్యడానికి ఇంకో రోజు పడుతుంది మేడం అంది. ఉండనీ, సహజంగా ఉంది అన్నాను.

చాచా చేతికి ఎప్పుడూ పెద్ద నీలి ఫిరోజా రాయి ఉంగరం ఉంటుంది. ఆ సందులో దాన్ని ఎరగనివాళ్లు లేరు.

పోస్టర్లు వేసిన మర్నాడు చూసి మురిసిపోదామని వెళ్లాను. సందు మొదట్లో చాయ్ హోటల్ గోడ మీద ఒకటి, లోపల కరెంటు స్తంభాల మీద కొన్ని. నవ్వుతున్న మా అన్న, భుజం మీద నీలిరాయి ఉంగరం ఉన్న నాలుగు వేళ్లు, పైన "పోయిందనుకున్న సరుకు తిరిగొచ్చింది!" అక్కడ నిలబడి చదివితే తప్ప నేనేం రాశానో నాకే అర్థం కాలేదు. చాయ్ తాగుతున్నవాళ్లలో మమ్మల్ని ఎరిగినవాళ్లు తల తిప్పుకున్నారు.

అన్న నన్ను చూసి కోప్పడలేదు. అరిచి ఉంటే బాగుండేది. "పోయిన మాల్ ఎవరి దగ్గర దొరికిందని అడుగుతున్నరు శ్యామా. ఏం చెప్పాలె?" అన్నాడు, లేసు చుడుతూనే.

పక్క దుకాణంలోకి వెళ్లాను. చాచా కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు, మోకాలు ఎలా ఉందని అడిగాడు. నేను ఏడుస్తూ ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, ఆ చేతినే ఒకసారి చూసుకున్నాడు.

"నన్ను కాట్ చేసినవు, మంచిదే. చెయ్యి ఎందుకు ఉంచినవు బేటీ?"

సహజంగా ఉందని ఉంచాను అని ఆయనతో ఎలా చెప్పను?

ఆఫీసుకు పోయి పోస్టర్లు తీయించమన్నాను. వినయ్ విన్నాడు, బాధపడ్డాడు కూడా. కానీ ఫోన్లు బాగా వస్తున్నాయి, ఈ వారం ఉండనిద్దాం మేడం అన్నాడు. నేను కుదరదని బల్ల గుద్ది ఉండాల్సింది. రాజీనామా ఇస్తానని ఉండాల్సింది. సరే, ఈ వారమే అన్నాను. ఆ "సరే" నా ఉద్యోగ జీవితంలో నేనన్న అతి సిగ్గుమాలిన మాట.

వారం అయ్యేదాకా అన్న ఆగలేదు. సందు నిండా జనం ఉన్న వేళ, అందరూ చూడాలనే, బకెట్టు నీళ్లు, ఒక రేకుముక్క పట్టుకుని వెళ్లి తన మొహాన్ని తానే గోకి పారేశాడు. ఒక్కో పోస్టర్ దగ్గర ఆగి, పూర్తిగా పోయేదాకా గోకాడట. చాచా దుకాణంలోంచి బయటికి రాలేదు.

ఆ తర్వాత

సాఫ్ట్‌వేర్ చెడ్డదని నేను అనడం లేదు. ఎన్నో కిరాణా కొట్లు దానివల్ల బాగుపడ్డాయి, నా కళ్లతో చూశాను. పక్క దుకాణానికి వెళ్లే సరుకును విడిగా చూసేలా మార్చమని మా ఇంజనీర్లను అడిగాను. ఎక్కడో ఒక సందు కోసం అంత పని కుదరదన్నారు. మెసేజ్‌లోంచి "నమ్మకంతో" అన్న మాట ఒక్కటి తీయించగలిగాను. నేను చేసిన దిద్దుబాటు మొత్తం అదే.

రెండు దుకాణాల మధ్య గొడవేం జరగలేదు. పండక్కి సేమియా వస్తుంది, దీపావళికి మిఠాయి వెళుతుంది. కానీ గోడ మీదుగా చుట్టలు రావడం ఆగిపోయింది. అన్న ఒకటి రెండుసార్లు అడగబోయి మానుకున్నాడు. ఆయన ఇంటి బిడ్డలా పెరిగినవాడు, ఆయన్ని బజారులో నిలబెట్టినట్టయింది, ఏ మొహంతో అడుగుతాడు? ఇప్పుడు రెండు చోట్లా కస్టమర్లకు "లేదు" అనే చెబుతున్నారు. వాళ్లు గుడ్డ చంకన పెట్టుకుని మదీనా చౌరస్తా దాటి పెద్ద షోరూములకు పోతున్నారు.

పోస్టర్ మాత్రం ఆఫీసులో బతికే ఉంది. వెబ్‌సైటులోకి, శిక్షణ తరగతుల్లోకి ఎక్కింది. నా వీడ్కోలు సభలో దాన్నే అద్దాల ఫ్రేము కట్టించి కానుకగా ఇచ్చారు. ఇంట్లో బీరువా వెనక, గోడ వైపు తిప్పి పెట్టాను.

ఉల్లిపొర రంగు

మొన్న ఆ పిల్లల ముందు చప్పట్లు కొట్టించుకుని వచ్చాక మనసు ఆగలేదు. ఒక ఉల్లిపొర రంగు దుపట్టా తీసుకుని సందుకు వెళ్లాను. దానికి సరిపోయే సన్న గోటా అన్న దగ్గర ఉందని నాకు తెలుసు. అంతకుముందే చూసి పెట్టుకున్నాను. తెలిసే చాచా దుకాణం మెట్టెక్కాను. ఆయన ఒక్కసారి "లోపల ఉంది, కూర్చో" అంటే చాలు, అన్న చేతిలోంచి చుట్ట గోడ దాటుతుంది, ఒక్కసారి దాటితే అలవాటు అదే తిరిగొస్తుంది అనుకున్నాను.

చాచా బాగా పెద్దవాడైపోయాడు. దుపట్టా వెలుతురులో పట్టుకుని చూశాడు. తన అరల వైపు చూడలేదు. గోడ వైపు ఒక్కసారి చూశాడు. ఏ చుట్ట కావాలో, అది అవతల ఏ అరలో ఉందో ఆయనకు తెలిసిపోయింది. తర్వాత నా వైపు చూసి నవ్వాడు.

"ఇది గూడ డెమోనేనా బేటీ?"

రిటైరైనా నాకు ఇదొక్కటే చేతనవును కాబోలు, మనిషి ముందు మాట పెట్టి అతనితో నాకు కావలసింది అనిపించడం.

"పక్క దుకాణంల ఉంటది. గక్కడ అడుగుండ్రి," అన్నాడు. బేటీ అన్న నోటితోనే ఈసారి మీరు అని మాట్లాడాడు, దారిన వచ్చిన కస్టమర్‌తో మాట్లాడినట్టు. ఆ సందులో నేనా మాట వినడం అదే మొదలు.

లేచి మెట్టు దిగాను. ఇటు గల్లా దగ్గర అన్న అంతా విన్నాడు. నేనేం అడగకముందే అరలోంచి ఆ చుట్ట తీసి, కొయ్యకుండా, కంప్యూటర్ వైపు చూడకుండా, చుట్టకు చుట్టే నా చేతిలో పెట్టాడు. "ఆయనకే ఇయ్యి. ఆయన్నే కొయ్యమను," అన్నాడు. ఇన్నేళ్లుగా అడగలేకపోయింది అడుగుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

రెండు చేతులతో పట్టుకెళ్లి చాచా ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"బిల్ ఏది? బిల్ లేని మాల్ నా దుకాణంల పెట్టుకోను," అన్నాడు. కోపంగా అనలేదు. దుకాణం నియమం చెప్పినట్టు అన్నాడు.

గోడ అవతల అన్న కంప్యూటర్ వైపు తిరిగాడు. తర్వాత ప్రింటర్ కదిలింది. అన్న ముందుకు వంగి కాగితం అందించాడు. పేరు దగ్గర నా పేరు ఉంది. చాచా కళ్లజోడు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎప్పుడూ అన్నకు ఇచ్చే చేత్తో నాకు ఇచ్చి చదవమన్నాడు. సరుకు పేరు, ఒక దుపట్టాకు పట్టే కొలత చదివి ఆగాను.

"పూరా చదువు," అన్నాడు.

బిల్లు అడుగున ఉండే వాక్యం కూడా ఒకప్పుడు నేను రాసిందే. మెసేజ్‌లో మార్పించాను కానీ ఇక్కడ ఉందన్న సంగతే మర్చిపోయాను. "మా మీద మీరు ఉంచిన నమ్మకానికి ధన్యవాదాలు," అని చదివాను. గోడ అవతల అన్న తల వంచుకున్నాడు.

చాచా తల ఊపి, కత్తెర తీశాడు. దుపట్టా నాలుగు వైపులా గోటా ఆనించి కొలిచి, కోసి, దుపట్టాను చక్కగా మడత పెట్టి ఇచ్చాడు. కోసినందుకు ఏమీ వద్దన్నాడు. మిగిలిన చుట్టను దారం జారకుండా బిగించి, గుండుసూది గుచ్చి, గోడ మీదుగా అన్నకు ఇవ్వకుండా నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడే వాపస్ ఇచ్చెయ్యి బేటీ. మర్చిపోతే మల్ల మెసేజ్ వస్తది," అన్నాడు, నవ్వుతూనే.

నేను చుట్ట తీసుకుని మెట్టు దిగి, రెండడుగులు వేసి, అన్నకు తిరిగి ఇచ్చేశాను.